పనయ్యాక నాలుగు రోజులు

బొంబాయి,
మే 3, 1985.

కల్యాణీ,

నిన్న పొద్దున క్షేమంగా చేరాను. ఎగుమతుల ఆఫీసు నుంచి భానుమూర్తి గారు స్టేషనుకు మనిషిని పంపారు. పళ్ల ప్రదర్శనకు మమ్మల్ని హాలెండు తీసుకెళ్లే అధికారి ఆయనే. జట్టులో నేను కాక మిగతావాళ్లంతా మగవాళ్లు. బెజవాడ మామిడిరసం ఫ్యాక్టరీ లక్ష్మీనరసింహారావు గారు ఒక్కరే తెలుగు మాట్లాడతారు. నన్ను చూడగానే మీవారు రాలేదా అమ్మా అన్నారు. పోయి మూడేళ్లయిందని చెప్పాను. మరి మీతో ఎవరొచ్చారన్నారు. మామిడికాయలొస్తున్నాయన్నాను.

మీ బావగారు పోయాక కొట్టు లైసెన్సు నా పేరుకు మారబట్టి ఆహ్వానం నాకొచ్చింది గాని, లేకపోతే ఇప్పుడీ మంచం మీద శేషగిరి కూర్చుని నీకు ఉత్తరం రాస్తుండేవాడు. ఆ కోపం ఇంకా తగ్గలేదని నాకు తెలుసు. బస్సు ఎక్కించడానికి వచ్చి సామాను పెట్టాడే గాని నా మొహం చూడలేదు.

రెండు విషయాలు. మొదటిది గడ్డి. ఇక్కడ పెట్టెలు కట్టడం నేర్పేవాళ్లు ముందుగా చెప్పింది ఇదే. వరిగడ్డి వేసి పంపితే అందులో పురుగు ఉంటుందని ఆ దేశంలో రానివ్వరట. సన్నగా తరిగిన కాగితం వేయాలి. శేషగిరికి తంతి ఇచ్చాను. నువ్వూ ఒక మాట చెప్పు. గడ్డిలో పడుకోని కాయను మన ఇంట్లో కాయ అనరు, అందుకని నా భయం.

రెండోది. ప్రదర్శన, వ్యాపారుల గిడ్డంగులు తిరగడం అన్నీ అయ్యాక నాలుగు రోజులు మా జట్టుకు ఆ దేశం చూపిస్తారట. తిరుగు టికెట్లు అందరికీ ఆ తర్వాతే వేశారు. ముందు వెళ్లాలనుకునేవాళ్లు చెప్పి మార్పించుకోవాలి. నేను మార్పించుకోలేదు. ఈ సంగతి శేషగిరికి నువ్వే చెప్పు. దాచాల్సింది ఏమీ లేదు.

అత్తయ్య గారి కాళ్ల నొప్పులకు నూనె అటక కింద అరలో ఉంది.

హైమవతి.

*

నూజివీడు,
మే 8, 1985.

పూజ్యులైన అక్కయ్య గారికి కల్యాణి నమస్కారాలు.

ఇక్కడ అంతా క్షేమం అని రాయమన్నారు. మీ మరిది గారు ఎదురుగా కుర్చీలో కూర్చుని చెబుతుంటే రాస్తున్నాను.

మీ తంతి అందింది. మన కొట్టు కాయ నాన్నగారి కాలం నుంచి గడ్డిలోనే హౌరా వెళ్తోంది, ఢిల్లీ వెళ్తోంది. ఎక్కడా చెడ్డ పేరు రాలేదు. కాగితంలో పెడితే కాయకు ఊపిరాడదు. అందువల్ల పెట్టెలు గడ్డితోనే కట్టించి పంపాము. హాలెండు వాళ్లకు మన గడ్డి వాసన తగిలితే కాయ రుచి తెలుస్తుంది.

నాలుగు రోజుల సంగతి. పని మీద వెళ్లడం వేరు, ఊళ్లు చూడ్డానికి తిరగడం వేరు. మన ఇంటి ఆడవాళ్లు ఎవరూ పని లేకుండా గడప దాటి ఎరగరు. అందులో మీరున్న స్థితిలో అసలే తగదు. బజార్లో అప్పుడే అడుగుతున్నారు. పని అయిన మరుసటి విమానానికి బయల్దేరవలెను. అలా కాదని ఉండిపోతే, తిరిగి వచ్చాక ఇంట్లో మీ అన్నానికి, గుడ్డకు లోటు రానివ్వను గాని, కొట్టులో మీ పీట మాత్రం ఉండదు. ఈ మాట అమ్మ ఎదుట అని రాయిస్తున్నాను.

ఇక్కడికి ఆయన చెప్పింది అయింది. రైతులెవరో పిలిస్తే వీధిలోకి వెళ్లారు. గబగబా రాస్తున్నాను అక్కయ్యా. ఆ మాట ఉత్తినే అనలేదు. మీరేమో ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. ఎందుకొచ్చిన గొడవ? విమానంలో చోటు దొరకలేదని రాయండి. లేదా కొనేవాళ్లు ఇంకా మాట్లాడాలన్నారని రాయండి. నేను అవునవునంటాను. మన ఇంట్లో ఎవరు ఏం చూసినా అలాగే కదా చూసింది? బెజవాడలో సర్కస్ చూడ్డానికి నాకు పన్ను నొప్పి అని చెప్పి వెళ్లాం. డాక్టరు ఏ పన్నని అడిగితే ఏదో ఒకటి చూపించాను, మంచి పన్ను పీకేశాడు. పోతే పోయింది. ఏనుగు స్టూలు మీద కూర్చోవడం చూశాం కదా.

ఇక మీదట నాకు విడిగా రాయాలంటే కొట్టులో కాయలేరే సవరమ్మ ఇంటికి రాయండి. తెచ్చి ఇస్తుంది. వస్తున్నారు.

కల్యాణి.

*

రోటర్‌డామ్,
మే 22, 1985.

కల్యాణీ,

నీ ఉత్తరం బొంబాయిలో బయల్దేరే రోజు అందింది. ఇది సవరమ్మ ఇంటికే రాస్తున్నాను. నా కోసం కాదు, నీ కోసం.

గడ్డి కాల్చేశారు. విమానం దిగిన చోట పరీక్ష చేసే అధికారి పెట్టె తెరిచి, చేతికి తొడుగు వేసుకుని, పామును పట్టుకున్నట్టు రెండు పరకలు పైకెత్తాడు. అంతే. పెట్టెలన్నీ ఒక గదిలోకి తోశారు. కాయలు కూడా పోయినట్టే అన్నారు భానుమూర్తి గారు. నేను ఆ అధికారి దగ్గరికి వెళ్లి, గడ్డి తీసుకోండి, కాయ ఇవ్వండి, ఒక్కొక్కటి తుడిచి మీ ఎదుట కాగితంలో పెడతాను అన్నాను. నా ఇంగ్లీషు ఎంతో నీకు తెలుసు. చేత్తో తుడిచి చూపించాను. చివరికి ఒప్పుకున్నాడు. భానుమూర్తి గారు కోటు తీసి, లక్ష్మీనరసింహారావు గారు చొక్కా చేతులు మడిచి, అందరం కూర్చుని తుడిచాం. రసాలు కొన్ని నలిగాయి. బంగినపల్లి దాదాపు దక్కింది. ఇది శేషగిరికి చెప్పకు. చెప్పాల్సి వస్తే నేనే చెబుతాను.

ప్రదర్శనలో మన బల్ల మీద చిన్న రసాలు పెట్టాను. ఒక పెద్ద వ్యాపారి కత్తీ చెంచా తెప్పించుకుని కోయబోయాడు. అలా కాదని, చేతిలో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, నోట పెట్టుకుని పీల్చి చూపించాను. అతనూ అలాగే చేశాడు. రసం మోచేతి దాకా కారి చొక్కా పసుపైంది. ఇంకొకటి ఇమ్మన్నాడు.

ఇక నాలుగు రోజుల సంగతి. భానుమూర్తి గారు నిన్న పిలిచి, మీ టికెట్టు ముందుకు జరిపిస్తానమ్మా, మేమంటే మగవాళ్లం ఎక్కడైనా తిరుగుతాం, మీకు తోడు లేదు కదా అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

"తోడు వద్దండీ. బస్సులో ఒక సీటు చాలు" అన్నాను.

నువ్వు రాసిన ఉపాయాలు నాకూ తెలుసు. పన్ను నొప్పి ఉపాయం నీకు చెప్పిందే నేను. చూడాలని ఉంటే మొక్కు అనాలి, వైద్యం అనాలి, పెళ్లి సామాను అనాలి. మీ బావగారున్నప్పుడు కూడా నేను హైదరాబాదు చూసింది మార్కెట్టు యార్డు గేటు దాకానే. ఒక సర్కస్ కోసం మంచి పన్ను ఇచ్చాం. ఇక నేనేమీ ఇవ్వను. చూడ్డానికి ఉంటున్నానని చెప్పి, చూడ్డానికే ఉంటాను.

పీట పోతుందని నాకు భయం లేదనుకోకు. ఆ పీట లేకపోతే ఈ మూడేళ్లు వంటింటి గోడ చూస్తూ గడిపేదాన్ని. కాటా వెనక కూర్చుని, వచ్చిన కాయ ఏ రకమో, ఏ తోటదో, ఎన్నాళ్లు ఆగుతుందో నేనే చెప్పాను. ధర మాత్రం నాకు తెలియనివ్వలేదు. తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్లు నొక్కి మగవాళ్లు బేరమాడుతుంటే, ఆడదాని వేళ్లు ఎవరు పట్టుకుంటారు? అలాంటి సగం పీటే అయినా, అది నాది. పోతుందని తెలిసే ఉంటున్నాను.

హైమవతి.

*

నూజివీడు,
జూన్ 2, 1985.

అక్కయ్యా,

మీ ఉత్తరం సవరమ్మ కొంగులో ముడేసుకుని తెచ్చింది. బావి దగ్గర చదివాను.

మీకో సంగతి చెప్పలేదు. మీరు బస్సు ఎక్కిన రోజు సాయంత్రమే కొట్టులో మీ పీట అటకెక్కింది. నాలుగు రోజులు ఉంటారా ఉండరా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. దుమ్ము పడుతుందని పెట్టించానన్నారు. ఆ చోట ఇప్పుడు ఫ్యాను పెట్టారు. మొన్న రాసినప్పుడు ఈ సంగతి రాస్తే మీరు అక్కడ పని మీద మనసు పెట్టలేరని రాయలేదు. ఇప్పుడు రాస్తున్నదెందుకంటే, మీరు రేపే వచ్చినా ఆ పీట దించుతారని నాకు నమ్మకం లేదు. అయినా రండి. వచ్చి అడిగితే సిగ్గుపడైనా దించుతారేమో. ఉండిపోతే ఆ సిగ్గు కూడా ఉండదు.

బజార్లో మిమ్మల్ని హాలెండు హైమవతి అంటున్నారట. ఎవరు పెట్టారో తెలియదు, మీ మరిది కూడా నవ్వారట. గడ్డి గొప్పతనం మాత్రం రోజూ చెబుతున్నారు. మా గడ్డి వాసనకు దొరలు క్యూ కట్టారని కాఫీ హోటల్లో అన్నారట. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా నేను పక్కనుండి విస్తళ్లు కుడుతూ నోరు మూసుకుని ఉన్నాను. మీరు చెప్పొద్దన్నారు కాబట్టి.

నిన్న భోజనాల దగ్గర మళ్లీ మీ మాట వచ్చింది. మన ఇంట్లో లేని ఆచారం తెచ్చిపెడుతోంది వదిన అన్నారు. అత్తయ్య గారు మజ్జిగ పోసుకుంటూ, ఎవరి వంకా చూడకుండా అన్నారు. "నేను కాశీ వెళ్లాను రా. తొమ్మిది రోజులున్నాను. పిండాలు చూశాను, పళ్లేలు చూశాను, మీ నాన్న పంచె ఆరిందా లేదా చూశాను. గంగ ఎటు పారుతుందో అడిగితే చెప్పలేను."

ఆవిడ లేచి చెయ్యి కడుక్కున్నారు.

నా సంగతి కూడా చెబుతాను. మీరు లేని ఈ నెల రోజుల్లో ఈ ఇంట్లో నాతో ఉప్పు ఏది, తాళం ఏది అని తప్ప ఎవరూ మాట్లాడలేదు. మీరు కొట్టు నుంచి వచ్చి ఎవరేమన్నారో చెబుతుంటే నేనూ వెళ్లొచ్చినట్టుండేది. అందుకే పీట పోకూడదని నా ఏడుపు. మీ కోసమని అనుకోకండి.

కల్యాణి.

*

డెల్ఫ్ట్,
జూన్ 15, 1985.

కల్యాణీ,

ఇది నీకు చేరేలోపు నేనే వచ్చేస్తానేమో. అయినా రాస్తున్నాను. అక్కడికొస్తే ఇవి చెప్పడానికి కూర్చోలేం.

పని అయింది. ఆ పసుపు చొక్కా వ్యాపారి వచ్చే ఏటికి బంగినపల్లి, చిన్న రసాలు కావాలని కాగితం రాసిచ్చాడు. కాగితం పట్టుకుని తపాలా ఆఫీసుకు వెళ్లి శేషగిరికి తంతి కొట్టాను. పని అయింది, ఆర్డరు వచ్చింది, నాలుగు రోజులు ఊళ్లు చూసి వస్తాను. అన్నీ నిజాలే. పీట అప్పటికే అటక మీద ఉందని నువ్వు రాశాక నాకు మనసు తేలికైంది. వెంటనే వచ్చేసినా పోయేదే అయితే, ఉండి చూడటమే నయం.

మొదటి రోజు సముద్రం దగ్గరికి తీసుకెళ్లారు. పెద్ద గట్టు. గట్టు మీద నిలబడితే అటు సముద్రం పైన ఉంది, ఇటు పొలాలు, ఆవులు, ఇళ్లు కింద ఉన్నాయి. కొల్లేరు పొంగితే ఊళ్లు ఏమవుతాయో చూసినదాన్ని కాబట్టి గట్టులో ఎక్కడైనా చెమ్మ ఉందేమోనని వంగి చూశాను. లక్ష్మీనరసింహారావు గారు వెంటనే దిగిపోయి బస్సులో కూర్చున్నారు. గట్టు మీద ఒక ముసలామె కుక్కను తిప్పుతోంది. ఆమెకు సముద్రం నెత్తిన ఉన్న సంగతి గుర్తున్నట్టు లేదు.

రెండో రోజు పూల వేలం. పెద్ద హాలు. గోడకు మన ఇంటి తలుపంత గడియారం. పూల బండి లోపలికి రాగానే ముల్లు పై ధర నుంచి కిందికి తిరుగుతూ వస్తుంది. కొనేవాళ్లు మెట్ల మీద బల్లల ముందు కూర్చుని ఉంటారు. ఎవరు ముందు మీట నొక్కితే వాళ్ల ధర దగ్గర ముల్లు ఆగుతుంది. ఎంతకు పోయిందో హాలంతటికీ కనిపిస్తుంది, పైన నిలబడి చూస్తున్న మాకు కూడా. తువ్వాలు లేదు. వేళ్లు లేవు. మీట నొక్కేవాళ్లలో ఆడవాళ్లున్నారు. ఒకామె ఒళ్లో స్వెట్టరు అల్లుకుంటూ తల ఎత్తకుండా నొక్కి, నాలుగు బళ్ల గులాబీలు కొనేసి, మళ్లీ అల్లుకుంది.

వ్యాపారానికి పనికొచ్చేది చూశానని శేషగిరికి చెప్పుకోవచ్చు. భానుమూర్తి గారు కూడా, ఇది మీ పని కిందికే వస్తుంది కదమ్మా, మీ మరిదికి అలాగే రాయండి అన్నారు. నేనక్కడికి పూలు చూడ్డానికి వెళ్లాను. గడియారం కనబడింది.

నిన్న గాలిమరలు. ఇవాళ ఈ ఊరు. అందరూ పింగాణీ సామాను కొనడానికి వెళ్లారు. నేను కాలవ పక్కన బల్ల మీద కూర్చుని రొట్టె తిన్నాను. నా చేతిలో కూర లేదు, చాట లేదు, కాయ లేదు. ఊరికే కూర్చున్నాను. కాలవలో పడవ ఒకటి వెళ్లింది. అది వంతెన కిందికి వెళ్లి అటు తేలేదాకా చూశాను. ఎవరూ నన్నేమీ అడగలేదు. పెళ్లయ్యాక ఇలా ఎన్నడైనా కూర్చున్నానా అని ఆలోచించాను. జ్వరం వచ్చినప్పుడు తప్ప లేదు.

నీకోసం ఏమీ కొనలేదు. ఇదే తెస్తున్నాను.

హైమవతి.

*

హనుమాన్ జంక్షన్,
జులై 14, 1985.

కల్యాణీ,

నేను ఇంట్లోంచి వచ్చేసిన రోజు నువ్వు మీ పుట్టింట్లో ఉన్నావు. కొట్టులో ఏం జరిగిందో శేషగిరి ఒక రకంగా చెప్పి ఉంటాడు. నేను జరిగింది రాస్తాను.

ఊరు చేరిన మర్నాడు కొట్టుకు వెళ్లాను. శేషగిరి బేరంలో ఉన్నాడు, చెయ్యి తువ్వాలు కింద ఉంది. బేరం తెగేదాకా ఫ్యాను పక్కన నిలబడ్డాను. "ఏం వదినా, తిరునాళ్లు బాగా జరిగాయా?" అన్నాడు. జరిగాయన్నాను. రైతులు, హమాలీలు అందరూ ఉన్నారు. ఆర్డరు కాగితం ఇచ్చాను. చదువుకుని కాస్త మెత్తబడ్డాడు. నన్ను పక్కకు పిలిచి, చిన్న గొంతుతో మాట్లాడాడు. అతను చెడ్డవాడు కాదు, అది నీకు తెలుసు, నాకూ తెలుసు.

"పని మిగిలిపోయి ఉన్నారని అందరికీ చెబుతాను. మీరూ ఆ మాటే అనండి. ఇప్పుడే పీట దింపిస్తాను."

అంతే అడిగాడు కల్యాణీ. ఒక్క మాట. అది అని ఉంటే ఇవాళ మన ఇంట్లో నీ చేతి పప్పుచారు తింటూ ఉండేదాన్ని.

"నేను చూడ్డానికే ఉన్నాను శేషగిరీ. ఆ మాటే చెప్పు" అన్నాను. అతను చిన్నగా అడిగినా నేను చిన్నగా చెప్పలేదు. అందరూ విన్నారు. అతను తువ్వాలు భుజాన వేసుకుని, మీ ఇష్టం అని కాటా దగ్గరికి వెళ్లిపోయాడు.

నిచ్చెన వేసుకుని పీట నేనే దింపుకున్నాను. అది మా నాన్న చేయించిన టేకు పీట. సవరమ్మ ఒక చివర పట్టింది. బస్సులో కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాడు. ఏం చేస్తారమ్మా ఈ పీటతో అన్నాడు. కూర్చుంటానన్నాను.

లైసెన్సు నా పేరున ఉంది కదా, ఆ కొట్టుకు శేషగిరి తన పేరున వేరేది తీసుకోవాలి. ఇక్కడ టైర్ల కొట్టు పక్కన రేకుల షెడ్డు, వెనక ఒక గది తీసుకున్నాను. లారీల మోత. షెడ్డు గోడకు నల్లబల్ల కొట్టించాను. కాయ రాగానే రకం చెప్పి, ధర సుద్దతో రాసి, బిగ్గరగా చదువుతాను. ఎవరైనా ఎక్కువంటే తుడిచి మళ్లీ రాస్తాను. రైతుకు కనిపిస్తుంది, పక్క రైతుకూ కనిపిస్తుంది. కలకత్తా వ్యాపారి ఒకడు అలవాటు కొద్దీ చేతి మీద తువ్వాలు కప్పుకుని నా ముందుకు చాపాడు. నేను బల్ల వంక చూశాను. అతను ఆ తువ్వాలుతో మొహం తుడుచుకుని, నోటితోనే ధర చెప్పాడు.

అంతా బాగుందని అనుకోకు. మొదటి వారం ఒక్క బండి రాలేదు. తర్వాత చింతలపూడి నుంచి వెంకట రమణ అని ఒకతను ట్రాక్టరు నిండా కలెక్టరు రకం కాయ తెచ్చాడు. అతనూ నా మీద నమ్మకంతో రాలేదు, బల్ల మీద ఏం రాస్తుందో చూద్దామని వచ్చాడు. మళ్లీ వచ్చాడు, బాపులపాడు వాళ్లను ఇద్దరిని తీసుకొచ్చాడు. ఆ పూల వేలం సంగతి చెప్పినప్పటి నుంచి మిగతా వ్యాపారులు దీన్ని గడియారం కొట్టు అంటున్నారు. గడియారం లేదు. వచ్చే సీజనుదాకా నిలుస్తానో లేదో తెలియదు. సవరమ్మ వచ్చేసింది. రోజూ బస్సులో వస్తోంది.

హాలెండు ఆర్డరు కొట్టు పేరున ఉంది. అది శేషగిరికే వదిలేశాను. వచ్చే ఏడు గడ్డి వేయొద్దని మాత్రం ఎలాగో చెప్పాలి. నేను చెబితే పంతానికి వేస్తాడు.

నువ్వు రాయి. నీ దగ్గర్నుంచి ఉప్పూ తాళం కాని మాట వింటే బాగుంటుంది.

హైమవతి.

*

నూజివీడు,
జులై 21, 1985.

అక్కయ్యా,

ఈ ఉత్తరం సవరమ్మ చేత పంపడం లేదు. పోస్టు డబ్బాలో నేనే వేస్తాను.

గడ్డి సంగతి చెప్పేశాను. మీరు వద్దన్నారు. చెప్పాను. బుధవారం నాడు బంధువులొచ్చి ఉండగా మళ్లీ మొదలుపెట్టారు, మా గడ్డి, మా వాసన అని. నేను వడ్డిస్తున్నాను. గరిటె చేతిలో ఉండగానే అన్నాను. "ఆ గడ్డి కాల్చేశారటండీ. అక్కయ్య కూర్చుని కాయలు తుడిచి పెట్టబట్టి ఆర్డరు వచ్చింది."

నా పెళ్లయిన పన్నెండేళ్లలో నలుగురిలో ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయారు. తర్వాత నీకెలా తెలుసన్నారు. ఉత్తరాలు రాసుకున్నాం అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్పు కూడా అడగలేదు, చప్పిడి చారే తిన్నారు. మూడో రోజు కొట్టులో కాగితం తరిగే వాళ్లెక్కడ దొరుకుతారని ఎవరినో అడుగుతున్నారని తెలిసింది.

మీ కొట్టు మాట బజార్లో రోజూ వస్తోంది. నవ్వేవాళ్లే ఎక్కువ. కాని నిన్న మన కొట్టుకు వచ్చిన రైతు ఒకతను, తువ్వాలు తీసి ధర పైకి చెప్పండి, జంక్షన్‌లో చెబుతున్నారు కదా అన్నాడట. ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండా కాసేపు అరుగు మీద కూర్చున్నారు.

ఇవాళ పొద్దున కాఫీ ఇస్తూ, ఈ శుక్రవారం హనుమాన్ జంక్షన్ వెళ్తున్నానండీ అన్నాను. ఏం పని అన్నారు. ఆ ప్రశ్నకు ఈ ఇంట్లో ఏమేం జవాబులు చెబుతామో అన్నీ నోటి దాకా వచ్చాయి. గాజులు, వైద్యం, మొక్కు. నాలిక పన్ను పోయిన సందులోకి వెళ్లింది.

పనేం లేదండీ అన్నాను. అత్తయ్య గారు గుమ్మంలో ఉన్నారు. నేనూ వస్తాను, నా చెప్పులెక్కడున్నాయో చూడు అన్నారు.

శుక్రవారం మొదటి బస్సుకు వస్తున్నాం. వంట పెట్టుకోవద్దు, కాయలేరే పని చెప్పొద్దు. ఎక్కడో ఒకచోట కూర్చుంటాం. చూడ్డానికే వస్తున్నాం.

కల్యాణి.